“యొక్క” చాటున అపాస్ట్రఫీ: ఆంగ్ల షష్ఠీ–బహువచన బోధనలో తెలుగు వ్యాకరణ దృష్టి

వ్యాససంగ్రహం: ఆంగ్లంలో సంబంధార్థాన్నీ బహువచనాన్నీ రాతలో వేరుచేసే గుర్తు అపాస్ట్రఫీ. తెలుగు విద్యార్థులు దీన్ని తప్పుగా వాడడానికి అశ్రద్ధే కారణమన్న అభిప్రాయం అధ్యాపకుల్లో బలంగా ఉంది. అశ్రద్ధకన్నా బోధనలో స్థిరపడిన ఒక తప్పుడు సమీకరణమే ఇందుకు ఎక్కువ కారణమని ఈ వ్యాసం వాదిస్తుంది. ఆంగ్ల షష్ఠిని “యొక్క”తో సమానం చేయడం ఆ సమీకరణం. బోనకల్ ప్రాంతపు ఊరి పేర్లు, రైలుమార్గం పేరు, వాడుక మాటలు ఆధారంగా తెలుగులోని ఔపవిభక్తిక రూపాలు, “లు–ల” భేదం ఆంగ్ల బోధనకు ఎంతవరకు ఉపకరిస్తాయో, ఎక్కడ ఉపకరించవో ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: అపాస్ట్రఫీ, షష్ఠీ విభక్తి, ఔపవిభక్తికం, బహువచనం, “యొక్క”, ద్విభాషా బోధన, బోనకల్.

ప్రవేశిక

డోర్నకల్ నుంచి విజయవాడకు వెళ్ళే రైలుమార్గంలో ఖమ్మానికీ మధిరకూ నడుమ ఉన్న ఊరు బోనకల్. ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. ఊరి పేరు రాతలో బోనకల్, బోనకల్లు, బోనకలు అని పలు విధాలుగా కనిపిస్తుంది. 1889లో బెజవాడ చేరిన ఈ మార్గం ఏ సంస్థదో ఆ సంస్థ ఆంగ్ల నామం “నిజామ్’స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే”. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకున్న తరువాత అది “నిజామ్’స్ స్టేట్ రైల్వే” అయింది. పేరు మారినా అందులోని అపాస్ట్రఫీ మారలేదు. రైల్వే నిజాంది అని చెప్పే భారమంతా ఆ చిన్న గుర్తూ దాని పక్కనున్న ఎస్ అక్షరమూ మోశాయి. అదే రైల్వేను తెలుగువారు నిజాం రైల్వే అన్నారు, నైజాం రైల్వే అన్నారు. నిజాం యొక్క రైల్వే అని ఎవరూ అనలేదు. సంబంధాన్ని చెప్పే ప్రత్యయం ఏదీ లేకపోయినా రైల్వే ఎవరిదన్న సందేహం ఎవరికీ రాలేదు.

సంబంధార్థాన్ని ఆంగ్లం పదానికి వెలుపల ఒక గుర్తు పెట్టి చూపుతుంది. తెలుగు పదం లోపలే చూపుతుంది, లేదా అసలేమీ చూపకుండా పదాల వరుసతోనే సరిపెడుతుంది. తెలుగు విద్యార్థి తడబడేది ఈ భేదం దగ్గరే. ఈ తడబాటు ఇవాళ మునుపటికన్నా ఎక్కువ ప్రాముఖ్యం సంతరించుకుంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఆంగ్లం ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. తెలుగు వ్యాకరణం తెలిసినవారు ఆంగ్ల బోధన గురించి మాట్లాడవలసిన అవసరం ఆ ఎదురెదురు పుటల వల్ల ఏర్పడింది. ఆంగ్ల శాఖ వ్యవహారమని తెలుగు శాఖ పక్కకు తప్పుకొనే వీలు ఇక లేదు.

వినిపించని గుర్తు

అపాస్ట్రఫీకి ధ్వని లేదు. “బాయ్’స్” అన్నా, “బాయ్స్” అన్నా, “బాయ్స్’” అన్నా చెవికి వినిపించేది ఒకటే మాట. మొదటిది ఒక్క పిల్లవాడిది, రెండోది చాలామంది పిల్లలు, మూడోది చాలామంది పిల్లలది. ఈ మూడింటి భేదం కంటికి మాత్రమే తెలుస్తుంది. ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారు కూడా ఈ గుర్తు దగ్గర తరచూ పొరబడడానికి కారణం ఇదే. కూరగాయల దుకాణాల పలకల మీద మామూలు బహువచనాలకు అనవసరంగా తగిలించే అపాస్ట్రఫీకి బ్రిటన్‌లో “గ్రీన్‌గ్రోసర్స్ అపాస్ట్రఫీ” అని వెక్కిరింపు పేరే ఉంది.

తెలుగు లిపి స్వభావం వేరు. పలికేది రాయడం, రాసింది పలకడం దాని పద్ధతి. పలకని గుర్తుకు అందులో చోటు లేదు. అందుకే ఆంగ్ల పేర్లు తెలుగు లిపిలోకి రాగానే అపాస్ట్రఫీ రాలిపోతుంది. టీచర్స్ కాలనీ, గర్ల్స్ హాస్టల్, లేడీస్ టైలర్, మెన్స్ పార్లర్ — బోనకల్ వంటి ఏ మండల కేంద్రంలోనైనా ఎదురయ్యే ఈ బోర్డుల్లో చివరి “స్” షష్ఠా, బహువచనమా, రెండూనా అన్నది తెలుగు లిపి చెప్పదు. తెలుగు పాఠకుడికి అది చెప్పవలసిన అవసరమూ లేదు. ఆ “స్” అతనికి పేరులో భాగం, అంతే. “ఒక లేడీస్ వచ్చింది” అన్న వాడుకలో బహువచన చిహ్నం పూర్తిగా ప్రాతిపదికలో కలిసిపోయింది. “పేరెంట్స్‌లు”, “ఫ్రెండ్స్‌లు” అనేవారు మీద మరో బహువచనం చేరుస్తున్నారు. భాషా పరిణామ దృష్టితో చూస్తే ఇందులో వింత లేదు. అరువు మాటలోని ప్రత్యయం అరువు తీసుకున్న భాషలో ప్రాణం కోల్పోవడం సర్వసాధారణం. చిక్కంతా అదే మాటను విద్యార్థి తిరిగి ఆంగ్ల లిపిలో రాయవలసి వచ్చినప్పుడు మొదలవుతుంది. తెలుగులో ప్రాణం పోయిన “స్”కు ఆంగ్లంలో మళ్ళీ ప్రాణం పోయాలి. అది ఏ “స్” అన్నది అతని చెవి చెప్పదు, అతని లిపి చెప్పదు.

అతని వ్యాకరణం చెబుతుంది. పిల్లవాడు, పిల్లవాడి, పిల్లలు, పిల్లల అన్న నాలుగు రూపాలు తెలుగులో నాలుగు వేర్వేరు ధ్వనులతో ఉన్నాయి. వీటికి సమానమైన ఆంగ్ల రూపాల్లో మొదటిది తప్ప మిగిలిన మూడూ ఒకే ధ్వని. బడికి రాకముందే తెలుగు పిల్లవాడి నోటికి ఈ నాలుగు భేదాలూ వచ్చు. ఆంగ్లం మాతృభాషగా ఉన్న పిల్లవాడికి లేని సౌకర్యం ఇది. దీన్ని బోధన ఎందుకు వాడుకోలేదన్నది అసలు ప్రశ్న.

“యొక్క” చరిత్రలో ఒక లోపం

వాడుకోకపోవడానికి కారణం “యొక్క”. తెలుగు మాధ్యమంలో ఆంగ్ల వ్యాకరణం చెప్పే పుస్తకాలు, గైడ్లు, తరగతి నోట్సులు తరతరాలుగా ఒకే సూత్రం అందిస్తున్నాయి: అపాస్ట్రఫీ ఎస్ అంటే “యొక్క”. ఈ సూత్రం విద్యార్థికి ఆంగ్లం సరిగా నేర్పదు. తెలుగు గురించి కూడా అబద్ధం చెబుతుంది.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. సంస్కృత వ్యాకరణంలోని ఏడు విభక్తుల చట్రంలో తెలుగు నామాలను అమర్చే సంప్రదాయం దానితో బడుల్లో స్థిరపడింది. షష్ఠికి కి, కు, యొక్క, లో, లోపల అని ప్రత్యయాలు చెప్పడం నేటికీ పాఠశాల వ్యాకరణాల్లో కొనసాగుతోంది. వీటిలో సంబంధార్థం మాత్రమే చెప్పేది “యొక్క” ఒక్కటే కావడంతో షష్ఠి అంటే “యొక్క” అన్న భావన పాతుకుపోయింది. మాట్లాడే తెలుగులో, మంచి వచనంలో “యొక్క” ఎంత అరుదో ఎవరైనా ఒక పుట చదివి చూసుకోవచ్చు. తర్జుమా వాక్యాల్లో, దస్తావేజుల్లో, ప్రభుత్వ ఉత్తర్వుల్లో అది విరివిగా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరూ “మా అమ్మ యొక్క చీర” అనరు.

చిన్నయసూరి చెప్పినదంతా “యొక్క” మాత్రమే కాదన్నది ఇక్కడ గుర్తు చేయాలి. ఔపవిభక్తికాల గురించి ఆయన చెప్పినదాన్ని తరువాతి బడి వ్యాకరణాలు షష్ఠి నుంచి విడదీసి, ఎక్కడో చివర ఉదాహరణల పట్టికగా మార్చాయి. ఇ, టి, తి అనే వర్ణకాలు చేరి ప్రాతిపదిక రూపం మారడం తెలుగు షష్ఠికి అసలు స్వరూపం. ఊరు–ఊరి, ఇల్లు–ఇంటి, కన్ను–కంటి, చేయి–చేతి, నూయి–నూతి. ఈ మారిన రూపమే సంబంధాన్ని చెబుతుంది. మిగిలిన విభక్తి ప్రత్యయాలు చేరేదీ ఎక్కువగా దాని మీదే. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం మొదలుకొని భాషాశాస్త్ర రచనలు ఈ రూపాన్ని నామ నిర్మాణానికి కేంద్రంగా చూస్తున్నాయి. కళాశాలల్లో ఆ రచనలు చదువుతారు. పాఠశాల వ్యాకరణంలోకి ఆ దృష్టి దిగలేదు.

ఈ రూపం ఎంత సజీవమో తెలుసుకోవడానికి తెలుగువారి ఇంటిపేర్లు చాలు. కందుకూరు నుంచి కందుకూరి, గరికపాడు నుంచి గరికపాటి, కొండవీడు నుంచి కొండవీటి, ఓరుగల్లు నుంచి ఓరుగంటి. ఇవన్నీ షష్ఠీ రూపాలు. కందుకూరి వీరేశలింగం అంటే కందుకూరుకు చెందిన వీరేశలింగం. ఓరుగల్లులోని ఉత్తరపదం రాతిని చెప్పే ద్రావిడ శబ్దం “కల్లు”. డోర్నకల్, బోనకల్ అన్న పేర్లలో ఉన్నదీ అదే “కల్లు” అయితే, ఓరుగంటి న్యాయాన బోనకల్లుకు “బోనకంటి” అన్న రూపం వ్యాకరణరీత్యా సిద్ధంగా ఉన్నట్లే. వాడుకలో మాత్రం బోనకల్లు స్టేషను, బోనకల్లు సంత అని మార్పు లేకుండానే అంటారు. పాత పేర్లలో ఔపవిభక్తికం గడ్డకట్టి మిగిలింది, కొత్త వాడుకలో అది శూన్యమైంది. రెండు చోట్లా “యొక్క” లేదు.

మరో పక్కదారి కూడా చూడదగినది. అరబీ మూలం నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన “తాలూకు” తెలుగులో షష్ఠ్యర్థకంగా స్థిరపడింది. “ఆయన తాలూకు మనుషులు”, “పొలం తాలూకు కాగితాలు” అన్న ప్రయోగాలు ఖమ్మం ప్రాంతంలో సర్వసాధారణం. 1985లో మండలాలు రావడంతో తాలూకా అన్న పాలనా విభాగం పోయింది. సంబంధార్థంలోని “తాలూకు” మాత్రం పోలేదు. బోధకులు “యొక్క”కు ఇచ్చిన పీటను వాడుక భాష దీనికి ఇచ్చిందనుకోవాలి.

“యొక్క” సమీకరణం ఎలాంటి తప్పులకు దారితీస్తుందో ఇప్పుడు ఊహించడం సులభం. విద్యార్థి మనసులో “రాము పుస్తకం” ఉంటే అక్కడ “యొక్క” లేదు కనుక ఆంగ్లంలోనూ “రాము బుక్” అని రాస్తాడు, గుర్తు పెట్టడు. “యొక్క” వేసి చూడమని బోధకుడు చెప్పిన తరువాత, తెలుగులో ఎక్కడ సంబంధం ఉంటే అక్కడల్లా “యొక్క” వేయవచ్చు కనుక, బల్ల కాలుకూ తలుపు గడియకూ అపాస్ట్రఫీ తగిలిస్తాడు. ప్రాణం లేని వస్తువుల విషయంలో ఆంగ్లం సాధారణంగా “ఆఫ్” వాడుతుంది, లేదా రెండు నామాలను సమాసంగా పక్కపక్కన పెడుతుంది. తెలుగు షష్ఠికి ప్రాణుల భేదం లేదు. “యొక్క” ఈ భేదాన్ని కప్పేస్తుంది. ఇది విద్యార్థి దోషం కాదు. చెప్పిన సూత్రాన్ని అతను నిజాయితీగా అనుసరించాడు.

సెలవు చీటీలోని “ల”

గ్రామీణ విద్యార్థి స్వయంగా రాసే మొదటి ఆంగ్ల పత్రం సెలవు చీటీ. ఉద్యోగంలో చేరిన తరువాత కూడా అతను ఎక్కువసార్లు రాసేది అదే. “రెండు రోజుల సెలవు” అన్నదాన్ని ఆంగ్లంలో రాయడంలో ఎన్ని రకాల తడబాట్లు సాధ్యమో అన్నీ ఆ చీటీల్లో కనిపిస్తాయి. గుర్తు లేకుండా “టు డేస్ లీవ్”, ఎస్‌కు ముందు గుర్తుతో “టు డే’స్ లీవ్”, బహువచనమే లేకుండా “టు డే లీవ్”. సరైనది ఎస్ తరువాత గుర్తు పెట్టిన “టు డేస్’ లీవ్”. “యొక్క”తో ఇక్కడ పని జరగదు. “రెండు రోజుల యొక్క సెలవు” అన్న మాట విద్యార్థి నోటికి రాదు కనుక ఇక్కడ షష్ఠి ఉందన్న సంగతే అతనికి తట్టదు.

“రోజులు” అన్న ప్రథమ, “రోజుల” అన్న షష్ఠి పక్కపక్కన పెడితే సంగతి వెంటనే తేలుతుంది. చివరి ఉత్వం అత్వమైంది. బహువచనం అలాగే ఉండగా సంబంధం వచ్చి చేరింది. ఆంగ్లంలో బహువచనపు ఎస్ అలాగే ఉండగా దాని తరువాత అపాస్ట్రఫీ వచ్చి చేరుతుంది. “లు” వినిపిస్తే గుర్తు వద్దు, “ల” వినిపిస్తే గుర్తు ఎస్ తరువాత, ఏకవచన షష్ఠి వినిపిస్తే గుర్తు ఎస్‌కు ముందు. “ఒక రోజు సెలవు”లో రోజు ఏకవచనం. గుర్తు ఎస్‌కు ముందే. తెలుగులోని ఒక గుణింతపు మార్పు ఆంగ్లంలోని గుర్తు స్థానాన్ని ఇంత తిన్నగా చూపడం ఈ రెండు భాషల బోధనలో దొరికే అరుదైన అదృష్టం.

పత్రికల భాషలో నిత్యం కనిపించే పొడి అక్షరాల పేర్లకు కూడా ఇది వర్తిస్తుంది. ఎమ్మెల్యేలు సమావేశమయ్యారు, ఎమ్మెల్యే కారు, ఎమ్మెల్యేల జీతాలు. ఆంగ్లంలో మొదటిదానికి గుర్తే లేదు. రెండోదానికి ఎస్‌కు ముందు, మూడోదానికి ఎస్ తరువాత గుర్తు వస్తుంది. పొడి అక్షరాల తరువాత బహువచనపు ఎస్‌ను నేరుగా అతికించడానికి చేయి రాక, మధ్యలో అపాస్ట్రఫీ పెట్టే అలవాటు విద్యావంతుల్లోనే ఎక్కువ. దశాబ్దాలు రాసేటప్పుడూ ఇంతే. “1990లు” అన్నదానికి ఆంగ్లంలో ఇవాళ గుర్తు పెట్టరు. కొన్ని ఆంగ్ల పత్రికలు మాత్రం చాలాకాలం పెట్టాయి.

“రాము వాళ్ళ ఇల్లు” అన్నది మరింత ఆసక్తికరమైన విషయం. ఇల్లు ఒక్కడిదని తెలుగువారు సాధారణంగా అనరు. రాము ఇంట్లో ఒంటరిగా ఉన్నా “రాము వాళ్ళ ఇల్లు” అంటారు. తెలంగాణ వాడుకలో “రామయ్యోళ్ల ఇల్లు” అంటారు. ఇక్కడి “వాళ్ళ” బహువచన షష్ఠి. ఆంగ్లంలో ఒక కుటుంబం ఇంటిని చెప్పేటప్పుడు ఇంటిపేరుకు బహువచనం చేర్చి దాని తరువాత గుర్తు పెట్టడం ఉంది: “ద రావ్స్’ హౌస్”. ఆంగ్లం బోధించేవారికి కూడా కష్టమనిపించే ఈ రూపం, తెలుగు దారిలో వస్తే అతి సహజం. రావుగారి ఇల్లంటే గుర్తు ముందు. రావు వాళ్ళ ఇల్లంటే గుర్తు తరువాత.

పేరు చివర స్ ఉన్న శ్రీనివాస్, దాస్ వంటివి వేరే చిక్కు తెచ్చిపెడతాయి. పేరులోని ఎస్‌నే షష్ఠి అనుకొని దానికి ముందు గుర్తు పెడితే పేరే తెగిపోతుంది. పూర్తి పేరు రాసి, ఆ తరువాత గుర్తు, దాని తరువాత మరో ఎస్ రాయడం ఒక పద్ధతి. గుర్తుతో ఆపేయడం మరో పద్ధతి. రెండూ ఆంగ్లంలో ఉన్నాయి. ఒక రచనలో ఏదో ఒకటే పాటించాలి.

లేని “ఈజ్”, మారిన “దాని”

“ఇట్స్” అన్న మాటను గుర్తుతో ఎప్పుడు రాయాలి, గుర్తు లేకుండా ఎప్పుడు రాయాలి అన్నది పరిశోధక విద్యార్థుల ఆంగ్ల సంగ్రహాల్లో సైతం తేలని సమస్య. షష్ఠికి గుర్తు కావాలన్న నియమం నేర్చుకున్నవాడు ఇక్కడ గుర్తు పెట్టడమే న్యాయం అనుకుంటాడు. తెలుగు సర్వనామాలు దీనికి మంచి సమాధానం ఇస్తాయి. నేను–నా, నీవు–నీ, తాను–తన, అది–దాని. రూపమే మారింది కనుక వేరే చిహ్నం అక్కర లేదు. “నా యొక్క” అన్నది తెలుగులో ఎంత అనవసరమో ఆంగ్ల సర్వనామ షష్ఠికి అపాస్ట్రఫీ అంత అనవసరం. “హిజ్”, “హర్స్”, “ఇట్స్” అన్నీ “దాని” జాతివి.

గుర్తుతో రాసే “ఇట్’స్” షష్ఠి కాదు. “ఇట్ ఈజ్” లేదా “ఇట్ హాజ్” కుదించిన రూపం. తెలుగు విద్యార్థికి ఇది కష్టం కావడానికి వేరే కారణం ఉంది. “ఇది పుస్తకం” అన్న తెలుగు వాక్యంలో క్రియ లేదు. ఆంగ్ల వాక్యంలోని “ఈజ్” అతని మనసులోని వాక్యంలో ఎక్కడా లేదు. ఉన్నది కుదించడం అర్థమవుతుంది కాని లేనిదాన్ని కుదించడం ఎలా అర్థమవుతుంది? అందుకే గుర్తున్న “ఇట్’స్”ను “ఇది” అనీ, గుర్తు లేనిదాన్ని “దాని” అనీ ముందు తెలుగులో తేల్చుకోవాలి. ఈ భేదాన్ని వివరించడంలో “యొక్క” సూత్రం పూర్తిగా మూగబోతుంది.

పరీక్ష విఫలమయ్యే చోట్లు

“లు–ల” పరీక్షను సర్వరోగనివారిణిగా ప్రతిపాదించడం సరికాదు. తెలుగు అధికారిక నామాలు చాలావరకు సంస్కృత సమాసాలు. సమాసంలో వచనం కనిపించదు. బాలల దినోత్సవం అన్నప్పుడు “ల” వినిపిస్తుంది. ఉపాధ్యాయ దినోత్సవం, మహిళా కళాశాల అన్నప్పుడు వినిపించదు. విద్యార్థి సమాసాన్ని విప్పి “టీచర్ల రోజు”, “ఆడవాళ్ళ కాలేజీ” అని తన వాడుక మాటలోకి తెచ్చుకుంటేనే పరీక్ష పనిచేస్తుంది. అప్పుడూ ఒక మెట్టు మిగులుతుంది. ఉమెన్, మెన్, చిల్డ్రన్ అన్న బహువచనాల చివర ఎస్ లేదు. అందువల్ల ముందు “లు”కు సరిపోయే ఆంగ్ల రూపం రాసి, దాని చివర ఎస్ ఉందో లేదో చూసి, లేకపోతే గుర్తు తరువాత ఎస్ చేర్చాలి. “ల” విన్నంత మాత్రాన ఎస్ తరువాత గుర్తు పెడితే ఇక్కడ తప్పవుతుంది.

తెలుగు ఏకవచనం వాడే చోట ఆంగ్లం బహువచనం కోరడం మరొకటి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్ల పేరులో రైతు ఏకవచన రూపమే. రైతులందరి బజారైనా “రైతుల బజార్” అనలేదు. ఆంగ్లంలో దాన్ని “ఫార్మర్స్ మార్కెట్” అన్నప్పుడు గుర్తు ఎస్ తరువాత పెట్టాలా, అసలు పెట్టనక్కర లేదా అన్నదాని మీద ఆంగ్లేయుల్లోనే ఏకాభిప్రాయం లేదు. బజారు రైతుల సొత్తు అనుకుంటే గుర్తు కావాలి. రైతులకు ఉద్దేశించినది అనుకుంటే అది షష్ఠి కాదు, విశేషణం వంటిది, గుర్తు మానేయవచ్చు. రైతు బజార్, రైతు వేదిక అన్న పేర్లలో తెలుగు ఈ రెండో మార్గంలోనే నడిచింది.

గుర్తు స్థానం కొన్నిసార్లు వ్యాకరణం కన్నా ఉద్దేశం మీద ఆధారపడుతుంది. అమెరికాలో “మదర్’స్ డే” కోసం ఉద్యమించిన ఆనా జార్విస్ గుర్తు ఎస్‌కు ముందే ఉండాలని పట్టుబట్టింది. ప్రతి ఇంటివారూ తమ తల్లిని తలచుకునే రోజు కావాలన్నది ఆమె ఆలోచన. లోకంలోని తల్లులందరి ఉత్సవం కాదు. 1914లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ ప్రకటనతో అది జాతీయ దినమైంది. మాతృ దినోత్సవం అన్న తెలుగు సమాసం ఈ పట్టుదలను చూపలేదు. “అమ్మల రోజు” అని విప్పినవాడు పరీక్ష ప్రకారం తప్పు చోట గుర్తు పెడతాడు. “మాస్టర్’స్ డిగ్రీ”లోనూ ఇలాంటిదే జరుగుతుంది. అది పండితుడి పట్టం, పండితుల పట్టం కాదు. పరిశోధకుల స్వపరిచయ పత్రాల్లో అత్యధికంగా దెబ్బతినే పదబంధం ఇదే కావడం కొంచెం నవ్వు తెప్పించే విషయం.

తప్పు ఎవరిది?

అపాస్ట్రఫీ నియమాలు ఆంగ్లంలోనే ఆలస్యంగా కుదురుకున్నాయి. పాత ఆంగ్లంలో అనేక నామాలకు షష్ఠి “ఎస్” అన్న అంత్యాంశంతో వచ్చేది; అందులోని అచ్చు క్రమంగా పోయింది. లోపాన్ని సూచించే ఈ గుర్తు 16వ శతాబ్దంలో ఆంగ్ల ముద్రణలోకి వచ్చింది. ఏకవచన షష్ఠికి అది స్థిరపడడానికి 18వ శతాబ్దం దాకా పట్టింది, బహువచన షష్ఠికి మరికొంత కాలం పట్టింది. షష్ఠిలోని ఎస్ “హిజ్” అన్న సర్వనామపు కుదింపు అని చాలామంది నమ్మారు. 1711లో జోసెఫ్ అడిసన్ ఆ అభిప్రాయమే రాశాడు. 1755 నాటి తన నిఘంటువుకు రాసిన వ్యాకరణంలో శామ్యూల్ జాన్సన్ దీన్ని తోసిపుచ్చాడు. స్త్రీవాచకాలకు కూడా అదే ఎస్ వస్తుంది కనుక అది పుంలింగ సర్వనామం కాజాలదన్నాడు. అచ్చుతో ముగిసే పరభాషా పదాల బహువచనానికి అపాస్ట్రఫీ పెట్టడం ఒకప్పుడు ఆంగ్లంలో చెల్లుబాటయ్యింది. మన ఫొటో స్టూడియో బోర్డు మీది “ఫొటో’స్” ఇవాళ తప్పే. అయితే దాని వంశవృక్షం బోర్డు రాసిన పెయింటర్‌తో మొదలు కాలేదు.

ఈ గుర్తు మీద ఇటీవలి వివాదాలు కూడా అటూ ఇటూగానే నడిచాయి. దాన్ని కాపాడడానికి బ్రిటన్‌లో జాన్ రిచర్డ్స్ 2001లో ఒక సంఘం పెట్టి 2019లో మూసేశాడు. వాటర్‌స్టోన్స్ పుస్తక దుకాణాల సంస్థ 2012లో తన పేరులోంచి గుర్తు తీసేసింది. అమెరికా భౌగోళిక నామాల మండలి 1890 నుంచి ఊళ్ళ పేర్లలో షష్ఠీ అపాస్ట్రఫీని నిరుత్సాహపరుస్తూ, కొన్ని పేర్లకు మాత్రమే మినహాయింపు ఇచ్చింది. జర్మనీలో ఇందుకు విరుద్ధంగా, దుకాణాల పేర్లలో వ్యక్తినామాల తరువాత ఆంగ్ల పద్ధతి గుర్తును 2024 నాటి కొత్త నియమాలు అంగీకరించాయి. స్థలనామాల్లోంచి మనిషి హక్కును తుడిచేయాలన్నది అమెరికా మండలి పట్టుదల. తెలుగు ఇంటిపేర్లలో హక్కు ఎదురు దిక్కున ఉంది: కందుకూరి, ఓరుగంటి అన్న పేర్లలో మనిషే ఊరి సొత్తు.

ఇంత అస్థిరమైన గుర్తు కోసం విద్యార్థిని ఎందుకు శిక్షించాలన్న వాదన వినవచ్చు. అందులో న్యాయం లేకపోలేదు. దుకాణం బోర్డు మీది గుర్తు వల్ల ఎవరికీ నష్టం లేదు, బేరం ఆగదు. పరీక్ష పత్రం, ఉద్యోగ దరఖాస్తు, పరిశోధన సంగ్రహం ఆ వరుసలోనివి కావు. అక్కడ ఒక్క గుర్తుతో మనిషి చదువును తూచేవారున్నారు. ఆ తూకం అన్యాయమని చెప్పడం సులువు, తూకానికి నిలిచే ఉపాయం నేర్పకుండా ఆ మాట చెప్పడం మాత్రం బాధ్యత అనిపించుకోదు. పట్టణంలో ఆంగ్లం వినే ఇంట్లో పెరిగిన విద్యార్థి చూచి చూచి ఈ గుర్తును పట్టుకుంటాడు. తొలి తరం ఆంగ్ల మాధ్యమ విద్యార్థికి ఆ అవకాశం లేదు. అతనికి కారణం కావాలి. కారణం అతని భాషలోనే ఉండగా, అతని భాషలో లేని “యొక్క”ను చూపి బోధన అతన్ని దారి తప్పించింది.

తెలంగాణలో 2018 నాటి చట్టం తెలుగును పాఠశాలల్లో తప్పనిసరి చేసింది. తెలుగు తరగతిలో షష్ఠి చెప్పే ఉపాధ్యాయుడూ, ఆంగ్ల తరగతిలో అపాస్ట్రఫీ చెప్పే ఉపాధ్యాయుడూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటారు. ఒకరి పాఠంలో “రోజులు–రోజుల” భేదం ప్రత్యయాల పట్టిక కింద మునిగిపోతుంది. మరొకరి పాఠంలో అది రానేరాదు. ద్విభాషా పాఠ్యపుస్తకంలో సెలవు చీటీ పాఠం ఉన్న చోట ఎడమ పుటలో “రెండు రోజుల సెలవు” అని అచ్చువేసి “ల” కింద ఒక గీత గీయవచ్చు. కుడి పుటలో ఆంగ్ల వాక్యంలోని ఎస్ తరువాతి గుర్తు కింద కూడా అదే గీత గీయవచ్చు. పక్కనే “ఒక రోజు సెలవు” పెట్టి, గుర్తు ఎస్ ముందుకు ఎందుకు జరిగిందో చెప్పమని అభ్యాసంలో అడగవచ్చు. ఆ పుట తయారు చేయడానికి ఒక తెలుగు అధ్యాపకుడూ ఒక ఆంగ్ల అధ్యాపకుడూ కలిసి కూర్చోవలసి ఉంటుంది.